రక్తము చెప్పు చరిత్ర

బార్డోలీ యనగానే 1928 నాటి సత్యాగ్రహమును, వల్లభభాయి పటేలును స్మృతికి వత్తురు. ఆ తాలూకాలో పరుల పొలములు దున్నిన దూబ్లాలకు మరియొక చరిత్ర కలదు. దూబ్లా యనగా దుర్బలుడని జనుల వివరణము. జాతీయోద్యమకాలమున వారికి హళపతులను గౌరవనామము వచ్చినది.

దక్షిణ గుజరాతులోని చౌధరీ, గామిత్, హళపతి మున్నగు ఆదివాసులలో కొందరికి రక్తకణములు కొడవలివలె వంగు వ్యాధి వంశక్రమమున వచ్చుచున్నది. దీనిని 1910లో షికాగోలో హెరిక్ వర్ణించెను; భారతదేశమున 1952లో నీలగిరులందు కనుగొనిరి. తల్లిదండ్రులలో ఒక్కరినుండియే ఈ లక్షణము పొందినవాడు సాధారణముగా ఆరోగ్యవంతుడే. పైగా మలేరియానుండి అతనికి కొంత రక్షణ కలదు. ఇరువురినుండియు పొందినవానికి సన్నని రక్తనాళములు మూసికొనును, ఎఱ్ఱకణములు త్వరగా నశించును, నొప్పి దుస్సహమగును. అయినను ఇచ్చటివారిలో గర్భస్థశిశువులకుండు హిమోగ్లోబిను పెద్దయైన పిదపను అధికముగా నిలుచుటచే, ఆఫ్రికా సంతతివారిలోకంటె వ్యాధి తరచు కొంత మృదువుగా నుండును, అందరిలో కాదు.

2006లో గుజరాతు ప్రభుత్వము నివారణకార్యక్రమము నారంభించెను. 2023లో జాతీయ కార్యక్రమము వచ్చెను. ఇరువురును వాహకులైన దంపతులకు కలుగు ప్రతి శిశువునకును నాల్గింట నొకవంతు ప్రమాదము కలదు. పెండ్లికి ముందు చేయు పరీక్ష ఈ ఎరుకకే గాని నిందకు కాదు. మలేరియా సీమలలో పూర్వులను కాపాడిన గుణమును దౌర్బల్యమనుట, పాత పేరును మరల తగిలించుటయే యగును.