మన ఇళ్ళలో స్థిరపడ్డ ముసాఫిర్లు

"ఎన్నికల నగారా మోగింది." అఖ్బార్‌లో పనిచేసే నేను ఈ హెడ్డింగు ఎన్నిసార్లు పెట్టానో లెక్కలేదు. చదివే తెలుగువాళ్ళకు అది అచ్చంగా వాళ్ళ మాటే. ఉర్దూ మీడియం బడిలో చదువుకున్న నాకు మాత్రం దాని వెనక 'నఖ్ఖారా' వినిపిస్తుంది. అరబీలో 'నఖర' అంటే కొట్టడం. కొట్టి మోగించేది నఖ్ఖారా. గిన్నెలాంటి ఒంటికి తోలు బిగించిన ఈ జోడు వాద్యం అరబ్బు, ఇరానీ, తుర్కు ఫౌజుల్లో మోగింది. మొఘల్ బాద్షాల కోట గుమ్మం మీద నఖ్ఖార్‌ఖానా ఉండేది. వేళ ప్రకారం నౌబత్ వాయించేవారు. హైదరాబాద్‌లో నౌబత్ పహాడ్‌కు ఆ పేరు ఈ నౌబత్ వల్లే. బాద్షాలు పోయారు, నౌబత్ ఆగింది. తేదీలు ప్రకటించిన రోజున తెలుగు పేపర్లలో నగారా మాత్రం మోగుతూనే ఉంది.

ఈ మధ్య కర్నూలులో మా ఖాందాన్‌లో ఒక షాదీ జరిగింది. రత్‌జగా రాత్రి మా ఖాలా పాత ఢోలక్ తెచ్చి ఆడపిల్లల మధ్య కూర్చుంది. ఒక పాట పూర్తయిందో లేదో, చదువుకున్న మా కుర్రవాడొకడు వచ్చి "ఖాలా, వద్దు. ఇది మన దీన్‌లో లేదు" అన్నాడు. అదబ్‌గానే అన్నాడు. ఖాలా ఏమీ మాట్లాడలేదు. ఢోలక్‌ను దుప్పట్లో చుట్టి పక్కన పెట్టింది. సరిగ్గా దీనికి వ్యతిరేక దిక్కు నుంచి ఇంకో మాట వింటుంటాను. ఈ పేర్లన్నీ తురక పేర్లు, తెలుగులోంచి ఏరిపారెయ్యాలి అని. ఒకరు ఈ సంగీతం మీది కాదంటారు. ఇంకొకరు ఈ నేల మీది కాదంటారు. రెండింటికీ జవాబు ఈ వాద్యాల తారీఖ్‌లోనే ఉంది.

సన్నాయిని తీసుకోండి. ఫార్సీలో 'నయ్' అంటే రెల్లు. ఇరాన్‌లో సుర్నా, తుర్కీలో జుర్నా, ఉత్తరాదిలో షెహనాయి. అన్నింటికీ మూతి దగ్గర జంట రెల్లు పీకే ఉంటుంది. మన నాదస్వరానికీ అంతే. దాన్ని మనవైపు సన్నాయి అనే పిలుస్తాం. అనటోలియా పల్లెల్లో పెళ్ళి అంటే దావుల్, జుర్నా మోగాలి. దావుల్ అంటే పెద్ద డోలు. రాయలసీమలో పెళ్ళి అంటే సన్నాయి, డోలు. వేల మైళ్ళ అవతలా, ఇవతలా అదే జంట. ఈ సన్నాయిని మన తెలుగు ముసల్మాన్ కుటుంబాలు తరాలుగా నమ్ముకున్నాయి. ప్రకాశం జిల్లా కరవదిలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా సాహెబ్ నాదస్వరంలో త్యాగరాజ కీర్తనలు పలికించి, 1977లో పద్మశ్రీ అందుకున్నారు. శ్రీరంగంలో స్థిరపడ్డారు. ముసల్మాన్‌గానే బతికారు. 2020లో షేక్ మహబూబ్ సుభానీ, కాలీషాబీ దంపతులకూ అదే వాద్యానికి పద్మశ్రీ వచ్చింది.

ఇక తంబూరా. మనవాళ్ళు దాన్ని తుంబురుడి పేరుతో ముడిపెడతారు. ఇరాన్‌లో, తుర్కీలో 'తంబూర్' అనే పొడవు మెడ వాద్యం ఉంది. దానికి మెట్లుంటాయి, దాని మీద పాట పలుకుతుంది. మన తంబూరాకు మెట్లు లేవు. అది పాట పలకదు, పాడేవాడికి శ్రుతి పట్టుకుని నిలబడుతుంది. పాత కడప జిల్లా తాళ్ళపాకలో పుట్టిన అన్నమయ్యను ఏ బొమ్మలో చూసినా చేతిలో తంబూరా ఉంటుంది. 1580 నుంచి 1627 వరకు బీజాపూర్‌ను ఏలిన రెండో ఇబ్రాహీం ఆదిల్ షా తన తంబూర్‌కు 'మోతీ ఖాన్' అని పేరు పెట్టుకున్నాడు. దఖ్ఖనీలో 'కితాబె నౌరస్' రాసి, అందులో సరస్వతినీ కొలిచాడు, గుల్బర్గా ఖ్వాజా బందేనవాజ్‌నూ కొలిచాడు. ఆ బీజాపూర్ సుల్తాన్ల తరఫునే అబ్దుల్ వహాబ్ ఖాన్ కర్నూలును పాలించాడు. ఆయన మక్బరానే హంద్రీ ఒడ్డున మనం చూసే గోల్ గుమ్మజ్.

డఫ్ సంగతి వేరు. చెక్క వలయానికి ఒకవైపు తోలు బిగించి వేళ్ళతో వాయించే డఫ్ అరబ్ ఇళ్ళ వాద్యం. ఉర్సుల్లో రఫాయీ ఫకీర్ల చేతుల్లో దాన్ని చూస్తాం. మన మాదిగల డప్పు కూడా వలయమే, ఒకవైపు తోలే. కానీ అది సిర్ర, చిటికెన పుల్లతో మోగుతుంది. రెండూ మెత్తబడితే మంట దగ్గర కాచి బిగువు తెప్పిస్తారు. పీర్ల పండుగ రాత్రి గుండం చుట్టూ జనం అలావా తొక్కుతుంటే మోగేది ఈ డప్పే. మన పీర్లను ఊరేగించడానికి డప్పు భుజాన వేసుకుని వచ్చినవాళ్ళ ఎహసాన్ మనం మరవకూడదు.

కడప పెద్ద దర్గాలో ఉర్సు రాత్రుల ఖవ్వాలీ విన్నవాళ్ళకు చెప్పనక్కర్లేదు. తుర్కు తండ్రికి, హిందుస్తానీ తల్లికి పుట్టిన అమీర్ ఖుస్రో (1253–1325) పేరు తలవకుండా ఖవ్వాలీ లేదు. అందులో హార్మోనియం మాత్రం యూరప్ నుంచి వచ్చింది. అంటే ఖవ్వాల్ కూర్చున్న చాప మీదే ఇరాన్, తుర్కిస్తాన్, హిందుస్తాన్, ఫిరంగీ దేశం పక్కపక్కన కూర్చున్నాయి.

మరి దీన్ సంగతి? నేను ఆలిమ్‌ని కాదు, ఫత్వా ఇవ్వను. సంగీతం మీద ఉలమాలో ఇఖ్తిలాఫ్ ఉంది, తీగ వాద్యాల మీద మరీ ఎక్కువ. కానీ ఈద్ రోజున హజ్రత్ ఆయిషా ఇంట్లో ఇద్దరు ఆడపిల్లలు పాడుతుంటే హజ్రత్ అబూబకర్ కోప్పడ్డారనీ, రసూలుల్లా (స.అ.స) వాళ్ళను వదిలెయ్యమన్నారనీ, ప్రతి జాతికీ ఒక ఈద్ ఉంటుంది, ఇది మనదని చెప్పారనీ సహీ బుఖారీలో ఉంది. నికాహ్ వేళ డఫ్ మోగిన రివాయత్ కూడా అందులోనే ఉంది. ఇరాన్‌లోని తూస్‌లో పుట్టిన ఇమామ్ గజాలీ తన 'ఇహ్యా'లో సమా మీద ఒక భాగమే రాశారు. ఏ పాట, ఏ మనసు, ఏ చోటు అని షరతులు విడమరిచి చెప్పారు. ఒక్క మాటతో కొట్టిపారెయ్యలేదు. మా కుర్రవాడికి ఇదే చెప్పాను. "అయితే ఢోలక్ డఫ్ కాదు కదా" అన్నాడు. సవాల్ సరైనదే. ఉలమాను అడుగు అన్నాను. అడిగేదాకా ఖాలాను చిన్నబుచ్చకు అని కూడా అన్నాను.

ఆ రాత్రి నన్ను బాధపెట్టింది ఢోలక్ ఆగిపోవడం ఒక్కటే కాదు. ఖాలాకు వచ్చిన పాటలు ఏ కితాబులోనూ లేవు. సగం దఖ్ఖనీ, సగం తెలుగు. మెట్టినింటికి వెళ్ళే పిల్లకు ఎవరితో ఎలా మసులుకోవాలో వాటిలో ఉంది. మర్నాడు వలీమా అయ్యాక ఆమె దగ్గర కూర్చుని ఫోన్ తెరిచాను. ఢోలక్ అడగలేదు. ఆమె కూడా తియ్యలేదు. స్టీలు పళ్ళెం మీద వేళ్ళతో తాళం వేస్తూ నాలుగు పాటలు పాడింది. ఐదోది సగంలో మరిచిపోయింది.

మీ ఇళ్ళలోనూ అలాంటి నానీలు, దాదీలు ఉంటారు. బహస్ తర్వాత చేసుకుందాం. ముందు వాళ్ళను పాడమనండి, పదిలపరచండి.