కొల్లేరుకు నీరే ప్రాణం.. నీరే గండం

కైకలూరు: కృష్ణా, గోదావరి డెల్టాల నడుమ పళ్లెంలా పరచుకున్న కొల్లేరుకు రెండు వైపుల నుంచి ముప్పు పొంచి ఉంది. వరదల వేళ వచ్చిన నీరు పోయే దారి లేక లంక గ్రామాలు జలదిగ్బంధంలో చిక్కుకుంటున్నాయి. వేసవిలో సరస్సు అడుగంటినప్పుడు ఉప్పుటేరు గుండా సముద్రపు నీరు పైకి ఎగదన్నుతోంది. వాతావరణ మార్పులతో కుండపోత వానలు, తీవ్రమైన ఎండలు పెరుగుతున్న తరుణంలో ఈ మంచినీటి సరస్సు నిర్వహణ ఏలూరు జిల్లాకే కాక పొరుగు డెల్టా రైతాంగానికీ కీలకాంశమైంది.

వచ్చేది లక్ష.. పోయేది స్వల్పం

బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరులతోపాటు డెల్టా మురుగు కాల్వలన్నీ కొల్లేరులోనే కలుస్తాయి. భారీ వరద సమయంలో లక్ష క్యూసెక్కులకు పైగా నీరు వచ్చి చేరుతుందని అంచనా. బయటకు పోయే మార్గం ఉప్పుటేరు ఒక్కటే. అరవై కిలోమీటర్లకు పైగా వంపులు తిరుగుతూ బంగాళాఖాతంలో కలిసే ఆ ఏరు మోయగలిగేది పన్నెండు, పదిహేను వేల క్యూసెక్కులు మాత్రమే. మిగిలిన నీటిని రోజుల తరబడి పొట్టన పెట్టుకోవలసింది సరస్సే. 1964 వరదల తరువాత నియమితమైన మిత్రా కమిటీ ఉప్పుటేరును వెడల్పు చేయాలని, వంపులు సరిచేయాలని ఆనాడే సూచించింది.

సరస్సు విస్తీర్ణం నీటిమట్టాన్ని బట్టి మారుతుంది. +3 అడుగుల కాంటూరు వద్ద సుమారు 135 చదరపు కిలోమీటర్లు ఉండే కొల్లేరు +5 వద్ద 308, +10 వద్ద 901 చదరపు కిలోమీటర్లకు వ్యాపిస్తుంది. మట్టం ఏడడుగులు పెరిగితే విస్తీర్ణం ఆరు రెట్లు దాటుతుందన్నమాట. ఈ పరిధిలో వేసిన ప్రతి చేపల చెరువు గట్టూ వరద నీరు నిలిచే చోటును అంతమేర హరిస్తుంది. ఆ నీరు పక్క ఊరి మీదకు పోక తప్పదు.

2024 సెప్టెంబరులో ఈ సంగతి మరోసారి రుజువైంది. మైలవరం కొండల్లో పుట్టే బుడమేరు వరదను వెలగలేరు వద్ద మళ్లించి ప్రకాశం బ్యారేజీకి ఎగువన కృష్ణానదిలో కలపడం ఏర్పాటు. అయితే కృష్ణ పొంగి ఉన్నప్పుడు ఈ ఏర్పాటు సక్రమంగా పనిచేయదు. ఆ నెల 2న బ్యారేజీ వద్ద ప్రవాహం 11.43 లక్షల క్యూసెక్కులకు చేరింది. మళ్లింపు కాల్వకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం మునిగింది. అదే నీరు దిగువన కొల్లేరుకు చేరడంతో ఏలూరు-కైకలూరు రహదారిపై రాకపోకలు నిలిచిపోయాయి.

నీటికి జీవోలతో పనిలేదు

+5 కాంటూరు వరకు వన్యప్రాణి అభయారణ్యంగా ప్రకటిస్తూ 1999లో ప్రభుత్వం ఉత్తర్వులిచ్చింది. 2002లో కొల్లేరుకు రామ్‌సర్ గుర్తింపు లభించింది. 2006లో న్యాయస్థానం ఆదేశాలతో అక్రమ చెరువుల గట్లను కొట్టివేశారు. పరిధిని +3కు కుదించాలని 2008లో శాసనసభ తీర్మానించగా, కేంద్రం నియమించిన అజీజ్ కమిటీ 2011లో అందుకు అంగీకరించలేదు. జిరాయితీ భూములు కోల్పోయిన రైతుల పరిహారం కోరిక న్యాయమైనదే. దానిని తీర్చవలసింది ధనంతో గానీ సరస్సును కుదించి కాదు. కాంటూరు గీతను కాగితంపై జరిపితే చెరువులకు అనుమతి రావచ్చు. వరద మాత్రం తన పాత హద్దు వరకు వచ్చి తీరుతుంది.

ఉప్పు ముప్పు

ప్రపంచ సముద్ర మట్టం 2006-2018 మధ్య ఏటా సగటున 3.7 మిల్లీమీటర్ల చొప్పున పెరిగినట్లు అంతర్జాతీయ వాతావరణ నిపుణుల బృందం తేల్చింది. సముద్ర మట్టానికి కొద్ది అడుగుల ఎత్తులోనే ఉన్న కొల్లేరుకు ఇది చిన్న విషయం కాదు. సముద్ర మట్టం పెరిగేకొద్దీ వరద దిగడం ఆలస్యమవుతుంది, వేసవిలో ఉప్పునీరు మరింత పైకి వస్తుంది. ఉప్పుటేరుపై రెగ్యులేటర్లు నిర్మించాలన్న ప్రతిపాదన చిరకాలంగా ఉంది. ఉప్పును ఆపేందుకు ఇవి అవసరమే అయినా, తలుపులు వరదకు అడ్డుకాకుండా, సముద్రం నుంచి సరస్సుకు చేపల రాకపోకలు ఆగిపోకుండా రూపకల్పన జరగాలి. ఏరులో పూడిక, గుర్రపుడెక్క తొలగించకుండా తలుపులు మాత్రమే బిగిస్తే నష్టమే ఎక్కువ.

వేడెక్కిన నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది. చెరువుల వ్యర్థజలం, పట్టణ మురుగు దానికి తోడైతే కష్టం మరీ పెరుగుతుంది. మావులు వేసి కొర్రమీను, వాలుగ, జెల్ల పట్టే లంక మత్స్యకారులే మొదట నష్టపోతారు. చెరువు యజమాని ఏరేటర్లు బిగించుకోగలడు, సరస్సులో ఎవరు బిగిస్తారు? ఆటపాకలో గూడబాతులు గూళ్లు కట్టుకోవడానికి చెట్లు చాలక అటవీశాఖ ఇనుప స్టాండ్లు అమర్చవలసి వచ్చింది.

సరస్సు అటవీశాఖది, ఉప్పుటేరు, కాల్వలు జలవనరుల శాఖవి, చెరువులు మత్స్యశాఖ పరిధిలోనివి. తమ్మిలేరులో నీరు ఎప్పుడు వదలాలి, ఉప్పుటేరులో మట్టం ఎంత ఉండాలి, ఏ గట్టుకు ఎక్కడ ఖాళీ ఇవ్వాలి అన్నవి మూడు శాఖలూ వర్షాకాలానికి ముందే ఒకచోట కూర్చుని తేల్చవలసిన అంశాలు.