శాలిబండ బొగ్గుల బేరము

చార్మినారునకు దక్షిణముగా ఫలక్‌నుమా కొండవైపు సాగిపోవు బాటమీద, ఖిల్వత్తునకును లాల్‌దర్వాజకును అలియాబాదునకును నడుమ నొదిగియున్న శాలిబండ, ఒకవంక రాయరాయాను దేవిడీ గడియారపు గోపురమును, వేరొకవంక ఇరుకు గల్లీలును గల పేట. దేవిడీలకు ప్రత్యేకమైన వంటసాలలును విశాలమైన వాకిళ్ళును ఉండెను; గల్లీలోని సామాన్యుని ఇంటికి మాత్రము గోడకు గోడ యానియుండుటచేత, ఒక పొయ్యిలో రేగిన పొగ పొరుగింటి దాలానును సైతము నింపెడిది. ఇట్టి తావున జనులు ఏమి కాల్చిరి, దానిని ఎవరమ్మిరి, అమ్మువానిని ఏ శాసనము ఏ విషయమున కట్టడి చేసెను అను ప్రశ్నలు నవాబుల వంశావళులకన్న తక్కువ గౌరవము గలవి కావని నా విశ్వాసము. ఏలయన ఆ పేటలోని స్త్రీల కన్నులును ఊపిరితిత్తులును తరతరములుగా ఆ ప్రశ్నలకు లోబడియే బ్రతికినవి.

హైదరాబాదు రాజ్యమునకు స్వంత బొగ్గుగనులు లేకపోలేదు. 1871లో భారత భూగర్భ పరిశోధనశాఖకు చెందిన డాక్టరు విలియం కింగు ఇల్లెందు ప్రాంతమున నేలబొగ్గును కనుగొనెను. 1886లో ఇంగ్లండునందు నమోదైన హైదరాబాదు దక్కను కంపెనీ గనుల హక్కులను పొందెను. 1889లో త్రవ్వకము మొదలయ్యెను. 1920లో ఆ సంస్థ ఆస్తులు సింగరేణి కాలరీస్ కంపెనీకి సంక్రమించెను. అయినను జనులు రాక్షసిబొగ్గు అని పిలిచిన ఆ ఇంధనము రైలింజన్లకును మిల్లులకును, 1920లో హుస్సేనుసాగరు తీరమున వెలసిన విద్యుత్కేంద్రమునకును పోయినదే కాని, పాతబస్తీ వంటింటి గడపను విరివిగా దాటలేదు. నేలబొగ్గును చిన్న పొయ్యిలో రగిల్చినప్పుడు, దానియందలి తారు మొదలగు బాష్పద్రవ్యములు పూర్తిగా దహనము కాకయే నల్లని పొగయై వెలువడును. ఎత్తైన పొగగొట్టము లేని ఇంటిలో దానితో నిత్యము వండుట ప్రాణసంకటము.

పాతబస్తీ ఎన్నుకొన్నది కట్టెబొగ్గు. కట్టెలను కుప్పగా పేర్చి, ఆకులతోను మట్టితోను కప్పి, గాలి చొరకుండ దినముల తరబడి లోలోపల మగ్గనిచ్చినచో, తేమయు పొగనిచ్చు ద్రవ్యములును అచ్చటనే వెడలిపోయి అంగారము మిగులును. నాలుగైదు మణుగుల కట్టె కాలినగాని ఒక్క మణుగు బొగ్గు చేతికి రాదు. నగరమున కుంపటి నిర్ధూమముగ వెలుగుటకు ముందే, దాని పొగనంతయు ఎచ్చటనో అడవియంచున ఒక పల్లెవాడు పీల్చియుండెను. ఈ విధముగ పొగను నగరమునకు వెలుపలనే వదలి రావలెనను నియమమును ఏ పురపాలకసంఘమును శాసింపలేదు. ఇరుకైన ఇండ్ల అవసరమే దానిని ఆచారముగా నిలిపినది.

ఆ బొగ్గు గోనెబస్తాలలో బండ్లమీద వచ్చెడిది. తెలుగువారు కట్టెల అడితి యనియు, ఉరుదూ మాటలాడువారు టాల్ అనియు పిలుచు తావులలో కట్టెలతోపాటు అదియు అమ్ముడుపోవుచుండెను. కలవారు బస్తాల లెక్కను, లేనివారు ఏ పూటకు ఆ పూట సేరు, అరసేరు లెక్కను కొనుచుండిరి. బస్తా అడుగున మిగిలిన పొడి సైతము వ్యర్థము కాలేదు. దానిని పేడతోను మట్టితోను కలిపి ఉండలు చేసి ఎండబెట్టి, సిగిడీలో కాల్చుకొనుట నిరుపేదలకు పరిపాటి. ఒక్క వంటింటికే ఆ బేరము పరిమితము కాదు. చాకలి ఇస్త్రీపెట్టెలోని నిప్పులకు, లాడ్‌బజారులో లక్కను మెత్తబరచి గాజులు చుట్టు పనివారి కుంపట్లకు, దమ్ముకు పెట్టిన బిర్యానీ దేగిసా మూతపై పేర్చు కణికలకు, దర్గాలో ఊదు పొగకును లాల్‌దర్వాజ మహాకాళి బోనములలో సాంబ్రాణి ధూపమునకును అదే బొగ్గు. ఒక పేట యొక్క వృత్తులును ఉత్సవములును ఆరాధనలును ఇన్నివిధముల ఒక చిన్న దుకాణము మీద ఆధారపడియుండుట తక్కువ విషయమని నాకు తోచదు.

ఐనను కట్టెబొగ్గు నిరపాయమని భ్రమింపరాదు. పొగ కంటబడనంత మాత్రమున విషము లేకపోదు. గాలి చాలని చోట కాలు బొగ్గు కార్బన్ మోనాక్సైడును వెలువరించును, దానికి రంగు లేదు, వాసన లేదు. చలికాలపు రాత్రి తలుపులు బిగించి కుంపటి ప్రక్కన నిదురించి తెల్లవారునప్పటికి లేవనివారి వార్తలు ఉత్తరహిందూస్థానమున నేటికిని ఏటేట వినవచ్చుచున్నవి.

మరి ఆ దుకాణదారుని శాసనము ఏమడిగెను? మొదటిది, ఈ సరకు ఏ అడవినుండి వచ్చెనని. 1355 ఫసలీ నాటి హైదరాబాదు అటవీ చట్టమును, దాని స్థానమున వచ్చిన 1967 నాటి ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టమును అడవి సంపదను కాపాడుటకై పుట్టినవి. ఈ 1967 చట్టము ప్రకారము బొగ్గు అటవీ ఉత్పత్తి, దాని రవాణాకు అనుమతిపత్రము కావలెను. రెండవది, నిప్పంటుకొను వస్తువును జనావాసముల నడుమ ఎట్లు నిలువచేసితివని: 1955 నాటి హైదరాబాదు మునిసిపల్ కార్పొరేషన్ల చట్టమున 521వ సెక్షను ప్రమాదకరమైన వస్తువుల నిలువకును అట్టి వృత్తులకును లైసెన్సును విధించెను. మూడవది తూకము, 1956 నాటి తూనికల చట్టము వెంట సేరు పోయి కిలో వచ్చెను. తడిపిన బొగ్గు బరువు తూగుననుట కొనుగోలుదారులందరును ఎరిగిన సంగతియే కనుక, ఈ మూడవ ప్రశ్నయే పేదవానికి అన్నింటికన్న ముఖ్యమైనది. ఇట్లు చట్టము అడవిని తలచినది, అగ్నిని తలచినది, తరాజును తలచినది. అమ్మిన వస్తువు కొన్నవారి ఊపిరిలో ఏమి చేయునని మాత్రము తలపలేదు. ఆ పొగకు గురియైనవారు పరదాచాటున, వంటింటి మూలన ఉండుటచేతనే అట్లు జరిగినదని నేను నమ్ముచున్నాను. మిల్లు పొగ ఊరందరికి కనబడును. వంటింటి పొగ గృహిణికి మాత్రమే కనబడును.

భారతదేశమున పొగమీద శాసనములు లేకపోలేదు. కలకత్తాకును హౌరాకును 1863లోనే, బెంగాలునకు 1905లో, బొంబాయికి 1912లో అట్టి చట్టములు వచ్చినవి. వాని దృష్టి కొలుములమీదను ఆవిరియంత్రములమీదనే నిలిచినది; బెంగాలు చట్టమున ప్రయివేటు గృహములలోని వంటపొయ్యి కొలిమి యను నిర్వచనమునుండి తొలగింపబడెను. ఇంగ్లండును చిరకాలము ఇదే త్రోవను నడచినది. 1952 డిశంబరు 5 మొదలు 9 వరకు లండను నగరమును కప్పివేసిన విషధూమము వేలమందిని బలిగొన్న తరువాతనే, 1956లో స్వచ్ఛవాయు చట్టము వచ్చి, పొగ నియంత్రణ ప్రాంతములను ఏర్పరచి, ఇంటి పొగగొట్టమును సైతము శాసనము క్రిందికి తెచ్చెను. ఆ చట్టమున నాకు మిక్కిలి పూజనీయముగ తోచునది శిక్ష కాదు: పొయ్యి మార్చుకొనుటకైన వ్యయమున పదింట ఏడువంతులు గృహస్థునకు తిరిగి ఇచ్చు ఏర్పాటు. 1968లో మరియొక అడుగు పడెను; అట్టి ప్రాంతమున వాడుటకై అనుమతి లేని ఇంధనమును చిల్లరగా అమ్ముటయు నేరమయ్యెను. నాటితో వర్తకుడు బాధ్యుడైనాడు. 2021 మే నెలనుండి ఇంగ్లండున సంచులలో ఇంటిబొగ్గును అమ్ముట నిషిద్ధము. విడిబొగ్గును ఆమోదితులైన వర్తకులు తమ ఖాతాదారులకు 2023 మే వరకు మాత్రమే అమ్మగలిగిరి.

పొగలేని నేలబొగ్గును వంటింటికి అందింపవలెనను తలంపు హైదరాబాదునకును కలిగెను. ఇది మనవారు మరచిన గొప్ప ప్రయత్నము. 1944లో నిజాము ప్రభుత్వము నెలకొల్పిన శాస్త్ర పరిశోధనాలయము, తరువాత ప్రాంతీయ పరిశోధనశాలయై, డాక్టరు సయ్యద్ హుస్సేన్ జహీర్ ఆధిపత్యమున సింగరేణి బొగ్గును తక్కువ ఉష్ణోగ్రతయందు గాలిలేకుండ కాల్చి, తారును వాయువులను ముందే వేరుపరచి, మిగిలిన మెత్తని కోకును గృహోపయోగమునకు సిద్ధపరచు విద్యను సాధించెను. అడవిలో మట్టికప్పు క్రింద జరుగు పనినే ఇచ్చట ఉక్కుపాత్రలో చేసిరి. పొగ అడవిపల్లెవాని కంటబడుటకు బదులు తారుగా పీపాలలో చేరెను. దినమునకు 25 టన్నుల ప్రయోగయంత్రమును ఆ శాలయందు నడపిరి. మంచిర్యాల దాపున నస్పూరులో బొగ్గు రసాయన కర్మాగారము వెలసినది. నేటికిని ఆ తావును జనులు సీసీసీ (కోల్ కెమికల్ కాంప్లెక్స్) నస్పూరు అనుచున్నారు. కాని ఆ కోకు శాలిబండ సిగిడీలలో కాలూనకమునుపే కిరసనాయిలు స్టవ్వును, దాని వెనువెంట గ్యాసుబండయు వచ్చినవి. 1999లో అవిభక్త ఆంధ్రప్రదేశమున దీపం పథకమును, 2016లో ఉజ్జ్వలయు పేద స్త్రీలకు గ్యాసును చేరువచేసినవి. ఏ నిషేధమును లేకయే ఇంటి కుంపటి క్రమముగా చల్లారెను, ఏలయన మేలైన ఇంధనము చేతికందినది.

శాసనమో, అదియు 1981లో వచ్చియున్నది. ఆ సంవత్సరపు వాయుకాలుష్య నివారణ చట్టము 19వ సెక్షను ప్రకారము, రాష్ట్ర ప్రభుత్వము కాలుష్యమండలితో సంప్రదించి ఏ ప్రాంతమునైనను వాయుకాలుష్య నియంత్రణ ప్రాంతముగా ప్రకటింపవచ్చును. ఆ ప్రాంతమున ఆమోదితము కాని ఇంధనము వాడకమును, మూడు నెలలకు తక్కువ కాని గడువిచ్చి, నిషేధింపవచ్చును. అది వాడకమునే పేర్కొన్నది, అమ్మకమును కాదు. భారము దుకాణదారునిపై గాక నిప్పు రగిల్చినవానిపై పడును; చిన్న వంటవాడు, ఇస్త్రీబండివాడు మొదట దొరకుదురు. బ్రిటనులో 1956 చట్టమునందలి ఏ లోపమును 1968 చట్టము పూరించెనో, ఆ లోపము ఇచ్చట నిలిచియే యున్నది.

ఇండ్లు మారినను వీధి మారలేదు. రంజాను మాసమున శాలిబండ హలీము భట్టీలు అపరాహ్ణమునకు ముందే మండును. 2010లో హైదరాబాదు హలీము భౌగోళిక సూచికను పొందినప్పుడు, రాగి పాత్రయందు కట్టెల మంటమీద పండ్రెండు గంటలు వండుట దాని లక్షణములలో చేరినది. ఒక ప్రభుత్వ పత్రము ఆ మంటను ఘనపరచినది. వేరొక ప్రభుత్వ కార్యక్రమము, 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛవాయు కార్యక్రమము, గాలి ప్రమాణములను అందుకొనని నగరములలో హైదరాబాదును చేర్చినది. 2025 జనవరిలో బొంబాయి హైకోర్టు కట్టెలతోను బొగ్గుతోను నడచు రొట్టెభట్టీలు ఆరునెలలలో శుద్ధమైన ఇంధనమునకు మారవలెనని ఆదేశించెను. అదే ఆదేశము రేపు శాలిబండ గడియారము దాపునకు వచ్చినచో, భట్టీ మార్చుటకు పదింట ఏడువంతులు ప్రభుత్వమే భరించుటయు, సూచికలోని కట్టెలమంట నియమమును ఆ పాకమెరిగిన వంటవారితో సంప్రదించి సవరించుటయు, అమ్మువాని లైసెన్సులో బొగ్గు ఎంత పొగనిచ్చునో వ్రాయించుటయు, నోటీసు అంటించు దినమునకు ముందే జరుగవలసిన పనులు.