ఉక్కు అచ్చు నుంచి ఆడే అక్షరం దాకా



జంషెడ్‌పూర్‌లోని తెలుగు ఇళ్ళలో పెళ్ళి శుభలేఖలు మీరు చూసే ఉంటారు. మీలో చాలామందికి తెలుగు మాట్లాడటం వచ్చు, చదవటం రాదు. అయినా శుభలేఖ మీద వాలుగా, వంపులు తిరిగి, ఆడుతున్నట్టున్న అక్షరాలను చూడగానే ముచ్చటేస్తుంది. బడి పుస్తకంలోని అక్షరం అలా ఎందుకు ఆడదు? తెలుసుకుందాం.

సీసపు అక్షరం పుట్టుక ఉక్కుతోనే మొదలవుతుంది. ఉక్కు కడ్డీ కొసన అక్షరాన్ని తిరగేసి చెక్కుతారు. దాన్ని రాగి ముక్క మీద కొడితే గుంట పడుతుంది. ఆ గుంటలో సీసం, తగరం, ఆంటిమొనీ కలిసిన లోహాన్ని కరిగించి పోస్తారు. బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌లో విలియం కేరీ తెలుగు వ్యాకరణం 1814లో ఇలాంటి అచ్చుతోనే వెలువడింది. ఆ ముద్రణాలయం తొలి రోజుల్లో అక్షరాలు చెక్కిన పంచానన్ కర్మకార్ ఇంటిపేరుకు అర్థం కమ్మరి అని. ఉక్కు నగరం పిల్లలు గుర్తుంచుకోదగిన మాట ఇది!

తెలుగు అక్షరానికి పైన తలకట్టు, గుడి, కింద వత్తు. ఇన్ని కలయికలకు వందల దిమ్మలు కావాలి. ప్రతి దిమ్మా నలుపలకలుగా ఉండాలి, పక్కదాని మీదికి వాలకూడదు. అందుకే అచ్చక్షరం బిగుసుకుపోయింది.

ఆ బిగువును సడలించింది చిత్రకారుల చెయ్యి. పశ్చిమ గోదావరి జిల్లా నరసాపురంలో 1933లో పుట్టిన బాపు (మరణం 2014) కథల పేర్లను, పుస్తకాల పేర్లను బొమ్మలతో పాటు తానే రాసేవారు. ఆ రాతను బొమ్మలాగే బ్లాకు చేయించి అచ్చువేసేవారు. తర్వాత అదే కంప్యూటరు ఫాంటుగా మారి శుభలేఖలకూ శీర్షికలకూ ఎక్కింది.

1991లో వచ్చిన యూనికోడ్ తెలుగుకు 128 స్థానాలు కేటాయించింది. వత్తులు, గుణింతాలు ఎలా కలవాలో ఫాంటులోని నియమాలే చెబుతాయి. ఇక దిమ్మ హద్దు లేదు. అమెరికాలోని సిలికానాంధ్ర సంస్థ ఉచితంగా అందించిన ఫాంటుల్లో 'లక్కిరెడ్డి' ఇలాంటి చేతిరాత తరహాదే.

అయితే ఒక చిక్కుంది. చేత్తో రాసేటప్పుడు ఏ రెండు 'మ'లూ ఒక్కలా ఉండవు. ఫాంటులో సాధారణంగా అన్నీ ఒకటే. పైగా చిన్న సైజులో వంపులు కలిసిపోయి 'ప'కూ 'ష'కూ తేడా తెలియదు. కాబట్టి ఇది పెద్ద అక్షరాలకే పనికొస్తుంది: శీర్షికలు, పోస్టర్లు, ఆహ్వానాలు. పాఠానికి నిటారు అక్షరమే మేలు.

మరి మీరు చేయవలసింది? ఇంట్లో ఒక శుభలేఖ తీసి అమ్మమ్మను పక్కన కూర్చోబెట్టుకోండి. మీ ఇంటిపేరును అందులో వెతికి పట్టుకోండి. ఆ అక్షరాలనే నిటారు అచ్చులో పోల్చి చూసి మీ చేత్తో రాయండి. ముచ్చటపడి చూసిన అక్షరాన్ని మీరే చదవగలిగిన రోజున అది నిజంగా మీది అవుతుంది.