కలివికోడి కథ

కడప జిల్లాలో సిద్ధవటం దాటి లంకమల కొండల పాదాన నడిచేవారికి మహావృక్షాలేవీ కనబడవు. నడుమెత్తు ముండ్లపొదలు, వాటి మధ్య గులకరాళ్ల నేల, అక్కడక్కడ కలివిచెట్లు. ఇట్టి నేలను బీడనీ, దేనికీ కొరగానిదనీ తలచడం మనకు అలవాటు. ప్రపంచంలోని మిక్కిలి అరుదైన పక్షులలో ఒకటి ఈ బీడునే ఇల్లు చేసుకొన్నది. దానినే ఇక్కడివారు కలివికోడి అంటారు.

మద్రాసు సైన్యంలో వైద్యుడైన జెర్డన్ దీనిని సేకరించగా, 1848లో ఎడ్వర్డ్ బ్లైత్ శాస్త్రలోకానికి పరిచయం చేసినాడు. పాత పక్షిశాస్త్ర గ్రంథాలలో దీనికి అడవి ఉత్తతిత్తి అనే తెలుగు పేరు కూడ కనబడుతుంది. ఖాళీ డబ్బుసంచికీ ఈ పక్షికీ పోలిక చూచిన ఆ రసికుడెవరో! పెన్నా, గోదావరి లోయలలో అప్పుడప్పుడు దీనిని చూచినవారున్నారు. 1900లో అనంతపురం ప్రాంతంలో హోవర్డ్ క్యాంబెల్ చూచిన తరువాత జాడ లేకపోయినది. వెదకినవారికి దొరకలేదు. అంతరించినదని పలువురు నిశ్చయించుకొన్నారు.

బొంబాయి ప్రకృతి చరిత్ర సంఘానికి చెందిన భరత్ భూషణ్ చేసిన పని సామాన్యమైనది, అందుకే ఫలించినది. పక్షి బొమ్మను చేతబట్టుకొని గ్రామస్థులనే అడిగినాడు. అది రాత్రులందు తిరిగే పక్షి అని వేటగాండ్రు చెప్పినారు. పగలు వెదకినవారికి కనబడకపోవడంలో వింత యేమున్నది? 1986 జనవరిలో ఒకనాటి రాత్రి రెడ్డిపల్లె దగ్గర, స్థానికుడైన ఒక వేటగాడు దీపపు వెలుతురులో పక్షిని సజీవంగా పట్టుకొన్నాడు. అది ఎన్నోనాళ్లు బ్రతకలేదు. అయినా శాస్త్రజ్ఞులకు ఎనుబదియారేండ్లు కరవైన పక్షి, వేటగాండ్రకు ఏనాడూ కరవు కాలేదని నా అభిప్రాయం.

1988లో శ్రీలంకమల్లేశ్వర అభయారణ్యం ఏర్పడినది. తరువాతి పరిశోధకులు పొదల నడుమ మెత్తని మన్ను పరచి అడుగుజాడలు చూచినారు. పక్షి కూతను టేపుపై పట్టి, సంధ్యవేళ మరల వినిపించి, ప్రత్యుత్తరం కొరకు చెవియొగ్గినారు. కంటికి దొరకనిది ఆ విధంగా చెవికి దొరికినది. రేడియో వినే మనకు ఈ ఉపాయం ప్రత్యేకంగా రుచిస్తుంది.

ఇంతలో చిక్కు వచ్చినది. శ్రీశైలం నుండి కృష్ణాజలాలను తెచ్చే తెలుగుగంగ కాలువ ఈ పొదల మీదుగానే సాగవలసి యుండెను. 2005లో యంత్రాలు వచ్చి పక్షి తిరిగే చోటనే త్రవ్వకం మొదలుపెట్టినవి. రాయలసీమలో పుట్టినవాడెవడూ నీటిని కాదనలేడు. కడప రైతు ఆకాశంకేసి చూచి చూచి అలసిన మాట నిజం. కాని కాలువకు దారి మార్చవచ్చును. పొదలను మాత్రం మరొకచోటికి మార్చలేము. అవి మరీ దట్టమైనా, మరీ పలుచనైనా కలివికోడి నిలువదు. వ్యవహారం సుప్రీంకోర్టు నియమించిన సాధికార సంఘం దాకా పోయినది. కాలువ దారి మారినది.

అయినను పక్షి చాలకాలం జాడ తెలుపలేదు. అభయారణ్యం ఉన్నది, కాలువ ప్రక్కకు తొలగినది, సంధ్యవేళ చెవియొగ్గినవారికి మాత్రం ఏమీ వినబడలేదు. 2025 ఆగస్టులో ఆంధ్రప్రదేశ్‌లోనే, పక్షులను గమనించే కొందరి యంత్రంలో ఆ రెండక్షరాల కూత మరల నమోదైనది.