చదువు చెప్పేవాళ్లను తయారుచేసిన బడులు: రామాయపట్నం నుంచి డోర్నకల్ దాకా

ఈ సంచికకు ఏదైనా రాయమని మన సంఘం మిత్రులు అడిగినప్పుడు, నేను కరెంటు ఉత్పత్తి గురించి రాస్తానని అనుకున్నారట. చెల్పూర్ పేరు చెబితే ఇప్పుడు అందరికీ కాకతీయ థర్మల్ కేంద్రమే గుర్తుకు వస్తుంది. పైగా నేను ఇంజనీరును. అలా అనుకోవడం సహజమే. కానీ యాభై ఏళ్ల పండుగ సంచికలో బడి గురించే రాయాలనిపించింది. మన బడి గురించి నాకంటే బాగా చెప్పగల సార్లు, మిత్రులు ఉన్నారు. అందుకే నేను మరో రకం బడిని ఎంచుకున్నాను. అది చదువు చెప్పేవాళ్లనే తయారుచేసిన బడి.

ఉద్యోగరీత్యా డోర్నకల్ మీదుగా ఎన్నోసార్లు ప్రయాణం చేశాను. మనలో చాలామందికి అది రైలు మారే జంక్షన్ మాత్రమే. కానీ తెలుగునాట క్రైస్తవ మిషనరీలు నడిపిన సెమినరీల చరిత్రలో డోర్నకల్‌ది ముఖ్యమైన చోటు. సెమినరీ అంటే పాస్టర్లకు, బోధకులకు శిక్షణ ఇచ్చే విద్యాలయం. మన డి.ఎడ్., బి.ఎడ్. కాలేజీలు టీచర్లను తయారుచేసినట్టే అవి బోధకులను తయారుచేసేవి. ఆ రోజుల్లో పల్లెల్లో బోధకుడు, పంతులు చాలాసార్లు ఒక్కడే. ఆదివారం ప్రార్థన చేయించిన మనిషే మిగిలిన రోజుల్లో పిల్లలకు అ ఆలు దిద్దించేవాడు. మతంతో సంబంధం లేకుండా చూసినా ఈ చరిత్ర మనకు పనికొస్తుందని నేను అనుకోవడానికి కారణం అదే.

కథ ఒంగోలు ప్రాంతంలో మొదలవుతుంది. అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో నెల్లూరులో పని మొదలుపెట్టింది. పాతికేళ్లు గడిచినా చేరినవాళ్లు చాలా తక్కువ. ఈ మిషన్‌ను మూసేద్దామా అని అమెరికాలో ఒకటికి రెండుసార్లు చర్చ జరిగింది. 1866లో జాన్ క్లౌ అనే మిషనరీ ఒంగోలులో కాపురం పెట్టాడు. ఈ పనికి రాకముందు ఆయన అమెరికాలో భూమి కొలిచే సర్వేయరు. క్లౌ దంపతులు పెట్టిన చిన్న బడికి మొదట పెద్ద కులాల పిల్లలు వచ్చారు. అదే కాలంలో యర్రగుంట్ల పేరయ్య అనే మాదిగ పెద్ద క్రైస్తవంలో చేరి, ఊరూరా తిరిగి తనవాళ్లకు చెప్పడం మొదలుపెట్టాడు. మాదిగలను చేర్చుకుంటే మా పిల్లలను పంపం అని పెద్ద కులాలవాళ్లు తేల్చి చెప్పారు. క్లౌ దంపతులు మాదిగలను చేర్చుకున్నారు. మిగతావాళ్లు వెళ్లిపోయారు. ఆ తర్వాత జరిగినదంతా ఆ ఒక్క నిర్ణయం నుంచి వచ్చిందే.

పల్లెల నుంచి వచ్చేవాళ్లు పెరిగేసరికి వాళ్లకు చదువు చెప్పేవాళ్లు కావాలి. అమెరికా నుంచి ఎంతమందిని తెచ్చినా చాలరు. తెచ్చినా మాదిగవాడలో వాళ్లు కాపురం ఉండరు. అందుకే 1872లో నెల్లూరు, ఒంగోలుల మధ్య సముద్రపు ఒడ్డున ఉన్న రామాయపట్నంలో సెమినరీ తెరిచారు. ఇప్పుడు ఓడరేవు పనులతో పత్రికల్లో పేరు వినిపిస్తున్న రామాయపట్నమే అది. తొలినాళ్లలో ఎ.వి. టింపనీ, తర్వాత ఆర్.ఆర్. విలియమ్స్ దాన్ని నడిపారు.

అక్కడ రెండు సంగతులు నన్ను ఆకట్టుకున్నాయి. ఒకటి, పాఠం తెలుగులో చెప్పడం. అప్పట్లో మద్రాసు రాష్ట్రంలో పై చదువంటే ఇంగ్లీషు చదువే. ఇంగ్లీషు వస్తే సర్కారు ఉద్యోగం వస్తుంది, ఉద్యోగం వస్తే మనిషి ఊరికి తిరిగి రాడు. ఊరికి తిరిగి వెళ్లవలసిన మనిషికి ఊరి భాషలోనే చెప్పాలని వాళ్లు గ్రహించారు. రెండవది, విద్యార్థులు భార్యాపిల్లలతో వచ్చి ఉండటం. భర్తతో పాటు భార్య కూడా చదివేది. వాడకు తిరిగి వెళ్లాక ఆమె ఆడపిల్లలకు చెప్పేది. ఆ కులంలో అంతకుముందు మగవాళ్లకే అక్షరం లేదు. అలాంటిది ఒక తరంలోనే ఆడవాళ్లు పలక పట్టారు.

ఇంతలో 1876–78 నాటి కరువు వచ్చింది. ఆ కరువులో దక్షిణ భారతంలో లక్షలమంది చనిపోయారు. ప్రభుత్వం కరువు పనిగా బకింగ్‌హాం కాలువ తవ్వించింది. క్లౌ తన పాత సర్వే విద్యను బయటికి తీసి మూడున్నర మైళ్ల కాలువకు కాంట్రాక్టు తీసుకున్నాడు. ఆయన దగ్గరి బోధకులే ఆ పనిలో మేస్త్రీలు. మట్టి తట్టలు మోసే వేలమంది కూలీలు పొద్దంతా పనిచేసి, పని ఆగినప్పుడు ఈ మేస్త్రీల మాటలు వినేవారు. చాలామంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. తిండి కోసం వచ్చారన్న మాట రాకూడదని క్లౌ ఏడాదికి పైగా ఎవరికీ ఇవ్వలేదు. కరువు తగ్గి, పంచిపెట్టడానికి డబ్బు గానీ గింజలు గానీ లేని రోజు వచ్చాకే ఒప్పుకున్నాడు. 1878 జులై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం జరిగింది.

ఇంజనీరును కదా, లెక్క వేయకుండా ఉండలేకపోయాను. ఆరుగురు బోధకులు వంతులవారీగా, ఒక్కోసారి ఇద్దరు చొప్పున, సుమారు తొమ్మిది గంటలు నీళ్లలో నిలబడ్డారు. అంటే ఒక్కొక్కరికి పట్టింది అర నిమిషం. కానీ ఆ 2,222 మంది పిల్లలకు అక్షరాలు నేర్పడానికి ఎంత కాలం పడుతుంది? దానికి ఎంతమంది పంతుళ్లు కావాలి? నది ఒడ్డున జరిగినది ప్రపంచమంతా చెప్పుకుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి రామాయపట్నంలో జరిగిన పాఠాలను గురించి చెప్పుకున్నవాళ్లు తక్కువ. నా దృష్టిలో అసలు పని అదే.

మిగతా మిషన్లదీ ఇదే దారి. కెనడా బాప్టిస్టులు 1882లో సామర్లకోటలో సెమినరీ పెట్టారు, తర్వాత అది కాకినాడకు చేరింది. లూథరన్‌లు రాజమండ్రిలో లూథర్‌గిరిని నడిపారు. అమెరికన్ బాప్టిస్టులు 1870ల చివరికే మన హనుమకొండకు కూడా వచ్చారు.

ఇక డోర్నకల్. ఇక్కడికి వచ్చిన మిషనరీ తెల్లవాడు కాదు, తమిళుడు. వేదనాయకం శామ్యూల్ అజరయ్య 1874లో తిరునల్వేలి ప్రాంతంలో పుట్టారు. 1903లో అక్కడి క్రైస్తవులు తమ డబ్బుతో, తమ మనుషులతో, తమ పెత్తనంలోనే నడిచే మిషనరీ సంఘం పెట్టుకున్నారు. దాని పనికి ఎంచుకున్న చోటు నిజాం రాజ్యంలోని డోర్నకల్. అజరయ్య 1909లో ఇక్కడికి వచ్చి తెలుగు నేర్చుకున్నారు. మరుసటి ఏడాది ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సమావేశంలో, మీరు మాకు దానాలు, త్యాగాలు చాలా ఇచ్చారు, ఇప్పుడు స్నేహితులుగా రండి అన్న అర్థం వచ్చేలా దొరల ముందే మాట్లాడారు. ఆ మాట చాలామందికి నచ్చలేదు. 1912 డిసెంబరు 29న ఆయన కలకత్తాలో బిషప్ అయ్యారు. ఆంగ్లికన్ సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ ఆయనే. 1945 జనవరి 1న డోర్నకల్‌లోనే కన్నుమూశారు. ఆయన కాలంలోనే ఆ అధ్యక్ష మండలంలో క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటింది. అందులో ఎక్కువమంది మాలలు, మాదిగలు.

డోర్నకల్ శిక్షణ కూడా పల్లెను దృష్టిలో పెట్టుకున్నదే. అజరయ్య, ఆయన భార్య అన్బు ఇద్దరూ ఒక విషయంలో పట్టుదలగా ఉండేవారు. పాస్టరు ఒక్కడే చదివితే చాలదు, ఇంటావిడ కూడా చదవాలి. విదేశీ డబ్బు మీద ఆధారపడకూడదని ఊళ్లలోని బీద కుటుంబాల చేత కూడా ధాన్యం రూపంలో కానుక ఇప్పించేవారు. 1939 జనవరి 6న ప్రతిష్ఠించిన డోర్నకల్ కెథడ్రల్ చూసినవాళ్లకు ఆయన ఆలోచన అర్థమవుతుంది. గుమ్మటాలు, మినార్లు మసీదును, చెక్కిన స్తంభాలు మన గుడి మండపాన్ని గుర్తుకు తెస్తాయి. ఈ మట్టిలో కట్టినది ఈ మట్టిలాగే కనిపించాలని ఆయన కోరుకున్నారు.

అన్నీ మంచి మాటలే చెబితే చరిత్ర కాదు. మతం మారినా కులం పూర్తిగా పోలేదు. మాల, మాదిగ తేడాలు, పెత్తనాల తగాదాలు చర్చిల్లోకీ వచ్చాయి. అజరయ్య చేసిన సామూహిక మతమార్పిడులను గాంధీజీ గట్టిగా విమర్శించారు, ఆయనా తన మాట మీద నిలబడ్డారు. ఆ వాదం ఇప్పటికీ తెగలేదు, ఈ వ్యాసంలో తేలేదీ కాదు. కానీ ఒక ప్రశ్న మాత్రం అన్ని పక్షాలకూ వర్తిస్తుంది. వాడలో పిల్లవాడికి పలక ఇచ్చింది ఎవరు? మిగతా సమాజం ఎందుకు అంత ఆలస్యం చేసింది?

1964లో రామాయపట్నం, కాకినాడ, లూథర్‌గిరి, డోర్నకల్‌లోని ఆంధ్ర యూనియన్ థియలాజికల్ కాలేజీ, ఈ నాలుగూ కలిసి రాజమండ్రిలో ఆంధ్ర క్రిస్టియన్ థియలాజికల్ కాలేజీ ఏర్పడింది. 1970ల మొదట్లో అది హైదరాబాద్‌కు, ట్యాంక్‌బండ్ దిగువకు మారింది. నాలుగు శాఖలవాళ్లు ఒక్కచోట చదవడం గొప్ప విషయమే. శ్రీరాంపూర్ సెనేట్ డిగ్రీలు వచ్చాయి, చదువు స్థాయి పెరిగింది. అయితే సముద్రపు ఒడ్డున, జంక్షన్ పక్కన, పల్లెకు కూతవేటు దూరంలో ఉన్న బడి పట్నానికి చేరింది. పట్నంలో చదివినవాడు పల్లెలో నిలవడం ఏ రంగంలోనైనా కష్టమే. డాక్టర్ల విషయంలో చూస్తున్నాం, టీచర్ల విషయంలో చూస్తున్నాం, మా ఇంజనీర్ల సంగతి చెప్పనే అక్కర్లేదు.

మన చిన్నప్పుడు సార్లలో చాలామంది పరకాల నుంచో హనుమకొండ నుంచో బస్సులో వచ్చేవారు. బస్సు రాకపోతే మొదటి పీరియడ్ ఉండేది కాదు. అందులో వాళ్ల తప్పేమీ లేదు. అయినా ఊళ్లోనే కాపురం ఉన్న సార్ల ఇంటికి రాత్రి లాంతరు పట్టుకుని పోయి లెక్కలు చెప్పించుకున్నవాళ్లం, ఆ తేడా ఏమిటో మనకు తెలుసు. రామాయపట్నం, డోర్నకల్ పెద్దలు నూట యాభై ఏళ్ల కింద, నూరేళ్ల కింద పట్టుకున్న కిటుకు అదే. ఊరి బిడ్డను తీసుకుపోయి, ఊరి భాషలో చదువు చెప్పి, కుటుంబంతో సహా తిరిగి ఊరికే పంపాలి.

మన సంఘం గదులు కట్టించాలని, కంప్యూటర్లు కొనాలని అనుకుంటోంది. తప్పకుండా చేద్దాం. దానితో పాటు నాదొక మనవి. ఈ బడిలో చదివి టీచరు కావాలనుకునే పిల్లలు, ముఖ్యంగా ఆడపిల్లలు, ఏటా ఒకరిద్దరైనా ఉంటారు. ఫీజు కట్టలేక ఆగిపోయేవాళ్లను ఒక్కో బ్యాచ్ ఒక్కొక్కరిని చదివిస్తే, పదేళ్లలో మన చుట్టుపక్కల బడుల్లో మన ఊరి టీచర్లే ఉంటారు. మా బ్యాచ్ తరఫున మొదటి ఏడాది ఖర్చు నేను పెట్టుకుంటాను.