తుమ్ము పుట్టే చోటు

ఎండలు ముదిరితే గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో గిర్నీల ముందు ఎండుమిరప సంచులు బారులు తీరతాయి. ఏడాదికి సరిపడా కారం ఒకేసారి పట్టించుకోవడం ఇక్కడి అలవాటు. కొంగు ముక్కుకు అడ్డంపెట్టుకున్నా ఆడవాళ్లకు తుమ్ములు ఆగవు. గడప దగ్గర పడుకున్న కుక్క కూడా రెండుసార్లు తుమ్మి, తల విదిలించి, లేచి దూరంగా పోయి పడుకుంటుంది. మనిషి తుమ్మినా కుక్క తుమ్మినా హుకుం వచ్చేది ఒక్క చోటు నుంచే. మెదడు కాండం అడుగున, వెన్నుపాము మొదలయ్యే దగ్గర ఉండే మజ్జాముఖమే ఆ చోటు. మనిషిలో దాని పొడవు సుమారు 3 సెంటీమీటర్లు.

పసిపిల్ల తుమ్మితే ‘చిరంజీవ’ అంటాం, ప్రయాణానికి ముందు తుమ్మితే కాసేపు కూర్చుని మంచినీళ్లు తాగి కదులుతాం. తుమ్ముకు ఊపిరితో, ఆయుష్షుతో ముడి ఉందని మన పెద్దలకు ఎప్పుడో తోచింది. ఆ ఊపిరిని నడిపే చోటు శరీరంలో ఎక్కడుందో మొదట చూపినవాడు ఫ్రెంచి వైద్యుడు లెగల్వా. కుందేళ్ల మెదడును ముందునుంచి పొరలుపొరలుగా తీసేస్తూ పోతే ఊపిరి ఆడుతూనే ఉందనీ, కత్తి మజ్జాముఖంలో వేగస్ నాడి మొదలును తాకగానే ఆగిపోయిందనీ ఆయన 1812 నాటి పుస్తకంలో రాశాడు.

దగ్గుకూ తుమ్ముకూ పూర్తిగా వేరే యంత్రం లేదు. ఊపిరి నడిపే నాడీకణాలే కాసేపు పని మార్చుకుంటాయి. గొంతులోనో శ్వాసనాళంలోనో నలుసు పడితే ఆ కబురు వేగస్ నాడి వెంట వెళ్తుంది. ముక్కులో పడితే త్రిధార నాడి వెంట. కబురు అందగానే గట్టిగా గాలి పీల్చుకుంటాం. దగ్గులోనైతే స్వరతంత్రులు మూసుకుంటాయి, పొట్ట, ఛాతీ కండరాలు బిగుసుకుంటాయి, లోపల ఒత్తిడి పెరిగి తలుపు ఒక్కసారిగా తెరుచుకుంటుంది. తుమ్ములో ఆ గాలి ముక్కులోంచి కూడా దూసుకొస్తుంది. అన్నం పొలమారినప్పుడు ఎవరో తలుచుకుంటున్నారని నవ్వుకుంటాం గానీ, ఆ క్షణంలో ప్రాణం కాపాడుతున్నది ఈ వరుసే.

శ్వాసనాళం లోపలి గోడలో దగ్గు రేపే చోట్లను 1954లో జాన్ విడ్డికూంబ్ పిల్లులలో పరీక్షించి చూపాడు. తుమ్ము సంగతి తేలడానికి ఇంకా చాలా కాలం పట్టింది. 2021లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో చిన్ లియూ బృందం ఎలుకలకు తుమ్ములు రప్పించింది. వాళ్లు వాడినవాటిలో మిరపకాయ ఘాటుకు మూలమైన క్యాప్సైసిన్ ఒకటి! ముక్కులోని నాడులు న్యూరోమెడిన్-బి అనే పదార్థంతో మెదడు కాండానికి కబురు పంపుతాయని తేలింది. ఆ కబురు అందుకునే కణాలను తీసేస్తే తుమ్ములు బాగా తగ్గాయి, ఊపిరి మాత్రం మామూలుగానే ఆడింది.

ఈ దగ్గు, తుమ్ముల మూలాలు పాలిచ్చే జంతువుల కంటే పాతవి. మొప్పల్లో మట్టి చేరితే జూరాల జలాశయంలోని చేప కూడా నీటిని వెనక్కి చిమ్మి వాటిని శుభ్రం చేసుకుంటుంది. జీవశాస్త్రజ్ఞులు దాన్నీ దగ్గనే పిలుస్తారు.

2022లో వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి. అక్కడ శరీర నిర్మాణ శాస్త్రం చదివే పిల్లలు ఈ మెదడు కాండాన్ని మొదటి ఏడాదిలోనే చూస్తారు. దాని అసలు బరువు తెలిసేది తర్వాత, ఐసీయూలో. అవయవ మార్పిడి చట్టం ప్రకారం మెదడు కాండం మరణాన్ని నిర్ధారించే పరీక్షలను కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు చేస్తారు. వాటిలో ఒకదానికి శ్వాసనాళంలోకి సన్నని గొట్టం దించి కదుపుతారు. దగ్గు వచ్చిందంటే ఇక ఆ మనిషిని చనిపోయినట్టు ప్రకటించరు.